రమణమ్మ పాస్‌పోర్టుతో ఆఫ్రికా

మా బాబా ఎక్కడికి బయల్దేరినా ఇంట్లో ఉన్న పాస్‌పోర్టులన్నీ ఒకే తోలుసంచిలో వేసుకుంటాడు, పనివాళ్ళవి కూడా. కువైట్‌లో, అబూ హలీఫాలోని ఆయన ఇంట్లో నేను వంటవాణ్ణి, నా భార్య రమణమ్మ పనిమనిషి. మాది రాయచోటి దగ్గర పల్లె. యజమానిని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలిచేవాళ్ళం. 1990 జూలైలో వాళ్ళు పిల్లలతో ఈజిప్టు, కెన్యా చూడబోతూ వంట కోసం నన్ను వెంట తీసుకున్నారు. బాబా ముసలితల్లి కోసం రమణమ్మ కువైట్‌లోనే ఉండిపోయింది.

కైరోలో దిగి సంచి తెరిస్తే రమణమ్మ పాస్‌పోర్టూ అందులోనే ఉంది. "పోనీలే, ఇరవై రోజుల్లో తిరిగిపోతాం కదా" అన్నాడు బాబా. నేనూ గంగిరెద్దులా తలూపాను.

కైరో అంటే దుమ్ము, హారన్లు, బేరాలు. పొద్దున ఏడుకే చిక్కుడుగింజల కూరతో రొట్టె తిని పిరమిడ్లకు వెళ్ళాం. "నీ యజమానికి నేను చూపిస్తా, నువ్వు ఒంటెను చూసుకో" అని ఒంటెవాడు తాడు నా చేతికిచ్చి పోయాడు. పిరమిడ్లకంటే ఆ ఒంటె మొహమే నాకు బాగా గుర్తు.

అక్కణ్ణుంచి విమానంలో నైరోబీ. జూలైలో చలి! సాయంత్రం ఏడుకు మొంబాసా రైలెక్కాం. తెల్లారి కిటికీలోంచి చూస్తే ఎర్రటి నేల, అచ్చం మా ఊరి చేలే. కాకపోతే ఆ చేలల్లో ఏనుగులు తిరుగుతున్నాయి. "మీ ఊళ్ళో ఏనుగులు లేవా?" అని పక్కసీటు మాస్టారు జాలిపడ్డాడు. మొంబాసాలో కొబ్బరిచెట్లు, ఉక్కపోత, ఎవరికీ తొందర లేదు. టీకొట్టు ఆవిడ చపాతీని చపాతీ అనే అంది. ఆమెకు హారతి పట్టాలనిపించింది.

ఆగస్టు రెండు పొద్దున తొమ్మిదికి హోటల్ రేడియోలో చెప్పారు, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిందని. మామా ఏడ్చింది. కువైట్‌కు ఫోన్లు కలవలేదు. పాస్‌పోర్టు లేకుండా రమణమ్మ ఎలా బయటపడుతుంది? బాబా సంచి తీసి రెండు పాస్‌పోర్టులూ నా చేతిలో పెట్టాడు. "ఖలాస్. ఇప్పుడు నాకూ ఇల్లు లేదు. నీ భార్య దగ్గరకు పో" అన్నాడు.

వాళ్ళతోనే కైరోకు వెనక్కి వచ్చాను. మనవాళ్ళంతా బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరుతున్నారని అక్కడ తెలిసింది. జోర్డాన్ వీసాకు మూడు వారాలు తిరిగాను. చివరికి పొద్దున ఎనిమిదికి బస్సెక్కి, సినాయ్ కొండలు దాటి, సాయంత్రానికి న్వేబా రేవులో దిగాను. జోర్డాన్ నుంచి వచ్చిన పడవ నిండా దిగేవాళ్ళే, ఎక్కేవాళ్ళు లేరు. "అందరూ ఇటు పారిపోయి వస్తుంటే నువ్వు అటు పోతావా?" అని టికెట్లాయన నవ్వాడు. "పెళ్ళాం అటుంది" అన్నాను. నవ్వు ఆపి టికెట్ కోశాడు.

అమ్మాన్ చేరి, కువైట్ నుంచి వచ్చినవాళ్ళ శిబిరంలో వెతగ్గా వెతగ్గా నాలుగో రోజు మధ్యాహ్నం రొట్టెల వరుసలో కనబడింది రమణమ్మ. సగానికి చిక్కిపోయింది. నాకు ఏడుపొచ్చింది, ఆమెకు కోపమొచ్చింది.

"యాడికి పోయినావయ్యా? పెద్దామెను కూతురింట్లో ఇడిసిపెట్టి, మూడు దినాలు బస్సులో వచ్చినా."

పాస్‌పోర్టు చూపించాను.

"ఇదెందుకింగ? కాగితం రాసిచ్చినారులే మన ఎంబసీవోళ్ళు. కాకుంటే దానికోసం పదకొండు దినాలు ఎండలో నిలబడినా."

నేను దేశాలు దాటి మోసుకొచ్చింది లేకపోయినా ఆమె బయటపడింది. సిగ్గూ సంతోషమూ ఒకేసారి కలిగాయి.

రెండు రోజులకు బొంబాయి విమానంలో చోటు దొరికింది. కూర్చోగానే రమణమ్మ చెయ్యి చాపి తన పాస్‌పోర్టు తీసుకుంది.

"ఇంగ ఇది నా కాడనే ఉంటాది. పనిలో పెట్టుకున్న కఫీల్ కాడ గాదు, నీ కాడ గూడా గాదు" అంది. పాస్‌పోర్టు కొంగున ముడేసి, "ఊఁ, ఇంగ చెప్పు, ఆ దేశాలు ఎట్లుండాయి?" అంది.

బొంబాయి వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. ఏనుగుల దగ్గర పకపకా నవ్వింది. కొంగు మీద చెయ్యి మాత్రం తియ్యలేదు.