మా మాటే ఎర అయిన రోజు

డిగ్రీ అయ్యాక, అనంతగిరిలో ఇంటి నుంచే ఒక ఉద్యోగాల వెబ్‌సైట్‌కి పనిచేశాను. నెట్‌లో ఎవరు వెతికినా అదే ముందు కనబడేలా చెయ్యడం నా పని. యజమానిని ఎప్పుడూ చూడలేదు, అంతా వాట్సాప్‌లోనే.

మా కొండల్లో ఎక్కువమంది టైపు చెయ్యరు, ఫోన్‌తో మాట్లాడి వెతుకుతారు. అందుకే "బేగి దొరికే పనేటుంది", "టెన్త్ ఫెయిలైన గుంటలకి పని" అంటూ మావాళ్ళ మాటలే పేజీ నిండా పెట్టాను. మా వైపు బేగి అంటే త్వరగా, గుంటలంటే ఆడపిల్లలు. నెల తిరక్కుండా సైటు మొదటి స్థానానికి వచ్చింది. గర్వపడ్డాను.

సంత రోజున మా చర్చిలో పాటలు పాడే మేరీ, మరో ముగ్గురమ్మాయిలతో జీపులో కూర్చుని కనిపించింది.

"ఏటే మేరీ, ఎక్కడికి?"

"సెన్నైకి అన్నా, పనికి. ఫోన్ని అడిగితే ముందు ఇదే వచ్చీసింది. మనలాగే మాటాడతంది, మనోళ్ళదే అనుకున్నాం."

అది నేను రాసిన సైటే, కానీ దాని యజమానిని నేనే ఎప్పుడూ చూడలేదు. సైటులో 'చెన్నై హెడ్డాఫీసు' అని నేనే పెట్టిన నంబరుకి ఫోన్ చేశాను.

జీపు డ్రైవరు జేబులో మోగింది.

నా అరుపులకి సంత జనమంతా మూగారు. అమ్మాయిలు దిగిపోయారు, జీపు ఘాట్ రోడ్డు పట్టింది. పోలీసులకి చెప్పాం. ఆ సాయంత్రం నా మాటలన్నీ తీసేద్దామని కూర్చుంటే పాస్‌వర్డ్ మార్చేసి ఉంది.

ఇప్పటికీ ఫోన్‌లో "బేగి దొరికే పనేటుంది" అని అడిగి చూస్తుంటాను. ముందు అదే వస్తుంది.