ఉల్లిపాయల కొట్టువాళ్ళ అమ్మాయి రాసిన చీటీ

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒక చీటీ నా గుండెల మీద కూర్చుని ఉంది. నోటుపుస్తకంలోంచి చింపిన అరకాగితం. రెండే రెండు వాక్యాలు. ఇవాళ్టి దాకా ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్నాయనకి కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. మధ్యలో ఆగిపోతే ఏమీ అనుకోకండి.

ఇప్పుడెందుకు అంటారా? మా అమ్మాయి వల్ల.

అది ఏలూరులో ఏడో తరగతి చదువుతోంది. ఈ ఏడు వాళ్ళ బళ్ళో చరిత్రలో వివక్ష గురించిన పుస్తకాలు ఇచ్చి, చదివాక మనసుకి తోచింది నోటుబుక్కులో రాయమన్నారు. ఒక దేశంలో ఒంటి రంగును బట్టి బస్సులో వెనక కూర్చోబెట్టిన మనుషులు, ఇంకో దేశంలో బట్టల మీద గుర్తు కుట్టించుకుని తిరగాల్సి వచ్చిన మనుషులు, మన దగ్గర నూతికి దూరంగా నిలబడి ఎవరైనా నీళ్ళు పోస్తారా అని ఎదురుచూసిన మనుషులు. అన్నం దగ్గర కూడా పుస్తకం వదిలేది కాదు. పిల్ల ఫోను వదిలి పుస్తకం పట్టిందని మురిసిపోయాను. దాని నోటుబుక్కు దొంగచాటుగా తీసి చదివేదాన్ని. ఒక పేజీలో ఇలా రాసింది:

"ప్రతి పుస్తకంలోనూ ఎవరో ఒకరు 'వాళ్ళ దగ్గర వాసన వస్తుంది' అంటారు. ఇన్ని దేశాల వాళ్ళకి ఒకే అబద్ధం ఎలా దొరికింది? నాకేమనిపిస్తోందంటే, ముందు దూరం పెట్టేస్తారు. వాసన తర్వాత వస్తుంది."

నోటుబుక్కు మూసేశాను. పన్నెండేళ్ళ పిల్లకి ఇది ఎలా తెలిసింది? నన్ను చూసి రాసిందా? ఛ, దానికేం తెలుసు! అయినా ఆ రోజంతా దాని మొహంలోకి చూడలేకపోయాను.

మాది తాడేపల్లిగూడెం. నాన్నది ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు, ఇంటి వెనకే గోడౌను. ఎనిమిదో తరగతిలో నా పక్కన ఒక అమ్మాయి కూర్చునేది. అసలు పేరు రాసే హక్కు నాకు లేదు, లక్ష్మి అంటాను. హాస్టల్లో ఉండి చదువుకునేది. లెక్కల్లో క్లాసుకి ఫస్టు. జూన్ నుంచీ ఒకే బెంచీ, ఇద్దరికీ కలిపి ఒకే జామెట్రీ బాక్సు. నేను తెచ్చిన పులిహోర తన గిన్నె మూతలో, తన జామకాయ ముక్క నా చేతిలో. ఆ రెండు నెలల్లో నాకు ఏ వాసనా రాలేదు. దయచేసి ఇది గుర్తుంచుకోండి. రాలేదు.

ఆగస్టులో వాళ్ళ నాన్న చూడ్డానికి వచ్చాడు. నాకూ గుప్పెడు తామర గింజలు ఇచ్చాడు. ఇంటికి తీసుకెళితే ఎక్కడివే అంది అమ్మ. లక్ష్మివాళ్ళది కొల్లేరు లంక అనీ, చేపలు పడతారనీ చెప్పాను. "అలాగా! మరి దాని పక్కన ఎలా కూర్చుంటున్నావే?" అంది అమ్మ, చాటలో బియ్యం ఏరుకుంటూ. అంతే. తిట్టలేదు, వద్దనలేదు. తప్పంతా అమ్మ మీదికి నెట్టేద్దామని ఎన్నిసార్లు చూశానో! కుదరదు. చీటీ రాయమని అమ్మ చెప్పలేదు.

మర్నాడు లక్ష్మి దగ్గర వాసన వచ్చింది. నిజంగానే వచ్చిందండీ, ముక్కు మూసుకోవాలనిపించేంత. లేనిది ఎలా వచ్చింది? ఆ పిల్ల హాస్టల్లో పప్పుచారు తిని బతుకుతోంది, చేపని చూసి ఎన్నాళ్ళయిందో. వానాకాలం మా గోడౌనులో కుళ్ళిన ఉల్లిపాయల కంపు నా జడలోకి, నా పుస్తకాల్లోకి ఎక్కేసి ఉండేది. ఆ కంపు పీల్చుకుంటూనే పక్కన కూర్చుని నాకు లెక్కలు చెప్పిన ఆ పిల్ల ఒక్కసారైనా ముక్కు చిట్లించలేదు. ఇది నాకు అప్పుడు ఎందుకు తట్టలేదు?

టీచరుగారి బల్ల మీద ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. పైకి చెప్పుకోలేని ఇబ్బందులుంటే పేరు లేకుండా రాసి అందులో వేయమనేవారు. వేశాను. "లక్ష్మి దగ్గర చేపల కంపు వస్తోంది. పక్కన ఎవరూ కూర్చోలేకపోతున్నారు." పక్కన కూర్చునేది నేనొక్కదాన్నే. నేను కూర్చోలేకపోతున్నానని రాస్తే దొరికిపోతానని అందరి మీదా పెట్టాను. పదమూడేళ్ళకే అంత తెలివి నాకు. టీచరుగారు చీటీ పైకి చదవలేదు. లక్ష్మిని పిలిచి ఎవరో ఇలా రాశారని మెల్లగా చెప్పి, కిటికీ పక్కన ఆఖరి బెంచీకి మార్చారు. ఆ బెంచీలో ఇంకెవరూ లేరు. సాయంత్రానికి క్లాసంతా గుప్పుమంది.

మర్నాడు ఇంటర్వెల్లో కుళాయి దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"ఎవరు రాసుంటారే?"

"నాకేం తెల్సు? ఎవత్తో కుళ్ళుబోతు రాసుంటది. నువ్వు పట్టించుకోకు."

"నిజం చెప్పు. నీకు వాసనొస్తోందా?"

"లేదే బాబూ. ఒట్టు."

"నువ్వొక్కదానివే ఉన్నావే నాకు," అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

నేను ఓదార్చాను. వీపు నిమిరాను. చీటీ కన్నా ఆ ఓదార్పే పెద్ద పాపమని ఇప్పుడనిపిస్తుంది. ఆ తర్వాత ఆమె రోజూ యూనిఫాం ఉతుక్కోవడం మొదలుపెట్టింది. ఉన్నది ఒకటే జత. వానల్లో ఆరేది కాదు. తడిబట్టలతోనే వచ్చి ఆఖరి బెంచీలో వణుకుతూ కూర్చునేది. దసరా సెలవులకి ఊరెళ్ళి మళ్ళీ రాలేదు. ఏమైందో నేను కనుక్కోలేదు. పెళ్ళై ఏలూరు వచ్చాక కొల్లేరు ఇంకా దగ్గరైంది. పక్షుల్ని చూద్దామని ఇంట్లోవాళ్ళు బయల్దేరినప్పుడు తలనొప్పని చెప్పి పడుకున్నాను. ఎవరికి భయపడ్డాను? అక్కడ ఆమె కనిపిస్తుందనా, కనిపించదనా?

పోయిన వారం మా అమ్మాయి బళ్ళో ఇచ్చిన ఆఖరి ప్రశ్న పట్టుకొచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాయాలట. "అమ్మా, మీ బళ్ళో ఎవర్నైనా వేరుగా కూర్చోబెట్టేవారా?" పోపు వేస్తున్నాను. వెనక్కి తిరక్కుండానే, "లేదమ్మా, అందరం కలిసే కూర్చునేవాళ్ళం" అన్నాను. ఎంత సులువుగా వచ్చేసిందో! అది రాసుకుంది: "మా అమ్మ బడి మంచిది. అక్కడ అందరూ కలిసే కూర్చున్నారు." సోమవారం క్లాసులో నిలబడి చదవాలి.

మూడు రోజులు అన్నం సయించలేదు. దాని వాక్యాల కింద నిజం రాసేసి బ్యాగులో పెట్టేద్దామనుకున్నాను. పెన్ను కూడా తీశాను. మళ్ళీ చీటీయేనా? మళ్ళీ రాసి పడేసి తప్పుకోవడమేనా? చెప్తే ఈ పిల్ల ఇక నన్ను ఎలా చూస్తుంది? చెప్పకపోతే నా అబద్ధాన్ని అది అంతమంది పిల్లల ముందు గర్వంగా చదువుతుంది.

ఇవాళే సోమవారం. పొద్దున్న జడలు వేస్తూ చెప్పాను. ఎదురుగా కాదు, దాని వెనక కూర్చుని. ఎదురుగా చెప్పే ధైర్యం లేదు నాకు. ఒక జడ అయ్యాక, రెండోదానికి పాయలు తీస్తూ మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. అది తల కదపలేదు. అంతా విని, "ఆవిడ ఇప్పుడెక్కడుంది?" అంది. తెలియదన్నాను. "వెతకలేదా?" లేదన్నాను. క్షమించమ్మా అనబోయాను. క్షమించాల్సింది ఈ పిల్ల కాదు కదా.

నోటుబుక్కు తీసి ఆ రెండు వాక్యాలూ కొట్టేసింది. కింద ఏదో రాసింది, నాకు చూపించలేదు. తర్వాత నా చేతిలో రిబ్బను తీసుకుని రెండో జడ తనే వేసుకుంది. వంకరగా వచ్చింది. వెళ్ళొస్తానని చెప్పకుండానే ఆటో ఎక్కింది.

ఆ చీటీ రాసింది నేనే. ఇన్నేళ్ళలో ఈ మాట నా నోట రావడం ఇవాళే మొదలు. నాలుగున్నరకి ఆటో వస్తుంది.