పా. అంటే పాయ కాదు

ట్రేసరమ్మ ఇంటి వంటగది శ్లాబు ఏడాదిగా రాలుతోంది. మొదట సున్నం రాలింది, తర్వాత సిమెంటు పెచ్చులు ఊడాయి, ఇప్పుడు తుప్పుపట్టి ఉబ్బిన చువ్వలు పక్కటెముకల్లా కనిపిస్తున్నాయి. సముద్రం వీధి చివరే. ఉప్పుగాలి ఇంట్లోకి రావడానికి ఎవరి అనుమతీ అడగదు. ఆమె ఆడపడుచు పొయ్యి దగ్గరికి వెళ్లినప్పుడల్లా నెత్తిన అల్యూమినియం గిన్నె బోర్లించుకుంటుంది.

"పడితే గిన్నెకు సొట్ట పడుతుంది వదినా, తలకాయ నాకు మిగులుతుంది" అంటుంది. టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. పక్కన కూర్చున్నవాళ్లతో కూడా ట్రంకుకాలు మాట్లాడినంత గట్టిగా మాట్లాడుతుంది.

ట్రేసరమ్మకు అరవై మూడేళ్లు. భర్త పోయాక ఆ ఇంట్లో మిగిలింది వదినా ఆడపడుచులు ఇద్దరే. అసలు పేరొకటి ఉంది కానీ అది కాగితాల్లో తప్ప వాడుకలో లేదు. నగర ప్రణాళికా ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు ట్రేసరుగా పనిచేసింది. సర్వేయర్లు పెన్సిలుతో గీసి తెచ్చిన పటం మీద పల్చటి ట్రేసింగ్ గుడ్డ పరిచి, గీతలన్నీ సిరాతో ఎక్కించడం ఆ ఉద్యోగం. పెన్సిలు చెరిగిపోతుంది, సిరా నిలుస్తుంది. ఆ సంగతి తలచుకుని ఆమె సర్వీసంతా కాస్త గర్వంగానే గడిపింది.

ఇల్లు మొత్తం పడగొట్టి, అదే స్థలంలో రెండు గదులు, ఒక వంటిల్లు కట్టుకోవాలని ఇద్దరూ తేల్చుకున్నారు. లైసెన్సు ఇంజినీరు ప్లాను గీసి ఆఫీసుకు పంపాడు. రెండు నెలల తర్వాత మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"తిరస్కరించారక్కా. మీ ఇల్లు పాయకు యాభై మీటర్ల లోపల ఉందట. సముద్రపు నీరు వచ్చిపోయే పాయ పక్కన కొత్త కట్టడం కుదరదట."

"పాయ నా జడలో ఉంది నాయనా, మూడు పాయలున్నాయి" అంది ఆడపడుచు. "ఈ వీధిలో ఎక్కడుంది? నేను పుట్టి పెరిగిందిక్కడే. అటుపక్క ఉన్నది వానకాలువ. వాన పడితే పారుతుంది, లేకపోతే కంపు కొడుతుంది."

"మ్యాపులో పాయే ఉందండీ" అని ఇంజినీరు ఫోను తెరిచి చూపించాడు.

ట్రేసరమ్మ కళ్లజోడు పెట్టుకుంది. తీర ప్రాంతం మ్యాపు అది. పాత పటాలను స్కాన్ చేసి, వాటి మీద కొత్త రంగులు పూశారు. వీధి పక్కన రెండు గీతలు, మధ్యలో నీలం, దాని మీద రెండక్షరాలు. పెద్దది చేయమంది. ఇంకా పెద్దది చేయమంది. 'య' అక్షరం కొమ్ము చివర పక్షి ఈక తిరిగినట్టు చిన్న వంపు ఉంది. ఆ వంపు మానుకోమని హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ ఆమెను ఎన్నోసార్లు కోప్పడ్డాడు. ఆమె మానుకోలేదు.

"ఇది రాసింది నేనే" అంది.

ఇంజినీరుకు నమ్మకం కుదరలేదు. ఆడపడుచు ఫోను తన వైపు తిప్పుకుని ఆ వంపు చూసింది.

జరిగింది ఇదీ. ముప్పై తొమ్మిదేళ్ల కిందట, ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఈ వీధి షీటు ఆమె బల్ల మీదికి వచ్చింది. అప్పటికి ఆమెకు పెళ్లి కాలేదు, ఈ వీధి మొహమైనా చూడలేదు. సర్వేయరు కాలువ పొడుగునా "పా." అని పొడి అక్షరం రాశాడు. పొడి అక్షరాన్ని గుర్తుల పట్టీలో చూసి పూర్తి మాటగా రాయాలన్నది ట్రేసర్లకు నేర్పిన మొదటి పాఠం. పట్టీలో "పా. అంటే పాయ" అని ఉంది. ఆమె పాయ అని రాసింది, నీలం పూసింది. సర్వేయరు ఉద్దేశంలో పా. అంటే పారుదల కాలువ. పారుదల కాలువకు పట్టీలో గుర్తే లేదు. ఆ షీటు బీరువాలోకి వెళ్లింది. నాలుగేళ్లకు ఆమె కోడలిగా ఆ వీధికే వచ్చి, రోజూ ఆ కాలువ దాటి ఆఫీసుకు వెళ్లింది. బీరువాలో ఉన్న పాయ, వీధిలో ఉన్న కాలువ ఒకటేనని తట్టలేదు. తీరం చట్టాలు వచ్చాక ఆ షీటును బయటికి తీసి అదే మ్యాపంటున్నారు.

ఇంజినీరు తేరుకుని దగ్గరి దారి చెప్పాడు. "కొత్త కట్టడం అనకండక్కా. మరమ్మతు అనండి. మరమ్మతుకు ఇస్తారు. ఈ వీధంతా అదే చేసింది."

వీధంతా అదే చేసిన మాట నిజం. ఎదురింటి మేడాయన మరమ్మతు ఇప్పటికి మూడంతస్తులు. మూల మీది ఇంట్లో పాత ఇంటి నుంచి మిగిలింది గుమ్మం ఒక్కటే. ఆ గుమ్మానికి మిగతా ఇల్లంతా మరమ్మతు కింద కట్టారు. అధికారులకు తెలుసు, వీధికి తెలుసు. ఎవరితోనైనా చెడితే మాత్రం ఒక ఫిర్యాదు చాలు, కూల్చే బండి వచ్చి నిలబడుతుంది.

"పునాది మార్చకుండా ఈ ఇల్లు నిలబడదు. పునాది మారిస్తే మరమ్మతు కాదు" అంది ట్రేసరమ్మ. "అబద్ధం మీద పునాది వేసి, ఎప్పుడెవరొస్తారోనని కిటికీలోంచి చూస్తూ ఈ వయసులో బతకలేను. తప్పు మ్యాపులో ఉంటే ఇల్లెందుకు తల వంచుకోవాలి?"

"మ్యాపు మార్పించడం ఎవరి తరం అక్కా?"

"గీసింది నేనేగా. మార్చాల్సిందీ నేనే."

తీర ప్రాంతం మ్యాపును పదేళ్లకోసారి సవరిస్తారు, ఈసారి సవరణ ఇంకా ముసాయిదాలోనే ఉంది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి పన్నెండు రోజుల గడువు మిగిలింది. అది దాటితే మళ్లీ మ్యాపు ముట్టుకునేది పదేళ్లకు. పదేళ్లు ఆ శ్లాబు ఆగదు.

మర్నాడే పాత ఆఫీసుకు వెళ్లింది. రికార్డు రూము గుమస్తా ఒకప్పుడు ఆమె పక్క బల్ల మనిషి. సర్వేయరు ఫీల్డు పుస్తకం కావాలంటే, ఎందుకని అడిగాడు. చెప్పింది.

"మీరు తప్పు చేశానని మీ చేత్తో రాసిస్తారా మేడమ్? ఈ ఆఫీసులో ఇంతవరకు ఎవరూ అంత తప్పు చేయలేదు."

"వెటకారం తర్వాత. నిచ్చెన వెయ్యి."

మూడు రోజులు దుమ్ములో వెతికారు. పుస్తకం ఎలుకలు కొరికినా పనికొచ్చే పేజీ మిగిలింది. అందులో సర్వేయరు మూడుచోట్ల "పా." అని రాసి, రోడ్డు కిందుగా కాలువ దాటేచోట మాత్రం పూర్తిగా "పారుదల కాలువ, రాతికట్టు" అని రాశాడు. అప్పుడే ఈ పుస్తకం తెప్పించుకుని ఆ ఒక్క మాట చూసి ఉంటే సరిపోయేది. ఆమె చూడలేదు. ఆ పేజీకి ధ్రువీకరించిన నకలు తీసుకుంది.

అభ్యంతరాల ఫారంలో "లోపానికి కారణం" అని ఒక గడి ఉంది. అందరూ అక్కడ "అధికారుల నిర్లక్ష్యం" అని రాస్తారు. ఆమె రాసింది: "ఈ షీటు ట్రేస్ చేసింది నేను. పా. అనే పొడి అక్షరాన్ని పాయ అని రాశాను. అది పారుదల కాలువ."

కబురు వీధిలో పాకింది. ఆ సాయంత్రమే మేడాయన వచ్చి వరండాలో కూర్చున్నాడు.

"అక్కగారూ, మీరు పాయ సంగతి కదిలిస్తే తనిఖీకి వస్తారు. వస్తే మీ ఒక్క ఇల్లే చూసి పోతారా? మా మేడలకు కళ్లు లేవనుకుంటారా?"

"పాయ పోతే మీ మేడ కూడా గట్టెక్కుతుంది తమ్ముడూ. దొంగతనంగా కట్టింది దొరతనంగా రాయించుకోవచ్చు."

"పోయాక సంగతి సరే. పోకపోతే? మమ్మల్ని నడివీధిలో నిలబెట్టడానికా ఈ పట్టుదల? తప్పు మీరు చేసి, శిక్ష మాకా?"

ఈ మాట ఆమెకు తగిలింది. ఆడపడుచు అందుకుంది: "శిక్ష ఇప్పుడు లేదా అబ్బాయ్? నువ్వు ఏ జీపు ఆగినా మేడ దిగి వెనక సందులోంచి పోతావు. నేను చూస్తూనే ఉంటాను."

మేడాయన లేచి వెళ్లిపోయాడు. ఫారం మాత్రం వెనక్కి తీసుకోలేదు ట్రేసరమ్మ.

విచారణ ఆఫీసు పెద్ద హాల్లో జరిగింది. ఉపసంచాలకుడు ఆమె కాగితం రెండుసార్లు చదువుకున్నాడు.

"ఈ మ్యాపు శాటిలైటుతో సరిచూసిందమ్మా."

"శాటిలైటుకు కాలువ కనిపిస్తుంది సార్. దాని పేరు కనిపించదు. పేరు పెట్టింది నేను."

హాల్లో ఎవరో నవ్వారు. ఆయనకు నవ్వు రాలేదు.

"మీరు రాసింది ఒప్పుకోలు కిందికి వస్తుంది. రిటైరైనా సరే విచారణ పెట్టొచ్చు. ఆలోచించుకోండి. కావాలంటే ఈ కాగితం వెనక్కి తీసుకోవచ్చు."

"పెట్టండి సార్. విచారణ కోసమైనా ఎవరో ఒకరు ఆ కాలువ దగ్గరికి వస్తారు. ఇన్నేళ్లలో ఒక్కరూ రాలేదు. వచ్చేది పౌర్ణమినాడు, పూర్తి పోటు మీద రండి. నీరు లోపలికొస్తే నా దరఖాస్తు నేనే చించేస్తాను."

ఆయన డైరీలో ఏదో రాసుకున్నాడు. పౌర్ణమినాడు పదకొండు గంటలకు జీపు వచ్చింది. వీధిలో మేడల కిటికీలన్నీ మూసుకున్నాయి. అందరూ ఊరెళ్లారేమో అనుకునేటట్టుంది. ఒక సర్వేయరు, ఒక గుమస్తా, ఉపసంచాలకుడు, ముగ్గురూ కాలువ నోటి దగ్గర నిలబడ్డారు. సముద్రం పొంగి వచ్చింది, రాతిగోడను కొట్టింది, కాలువ నోటికి మూరెడు కింద ఆగింది. గంటసేపు అక్కడే ఉండి వెనక్కి తగ్గింది. కాలువలో మురికి నీరు సన్నగా సముద్రం వైపే పారుతోంది.

"అనుమానముంటే రుచి చూడండి సార్" అంది ఆడపడుచు. "ఉప్పు తగిలితే మా ఇల్లు మేమే కూల్చుకుంటాం."

సర్వేయరు దగ్గు తెచ్చుకుని మొహం తిప్పుకున్నాడు. కొలతలు రాసుకున్నారు. ఉపసంచాలకుడు వెళ్లేముందు మూసిన కిటికీల వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా జీపెక్కాడు.

నెలన్నరకు ఉత్తర్వు తయారైందని ఫోను వచ్చింది. ఇద్దరూ వెళ్లారు. కౌంటరు గుమస్తా కాగితం ముందుకు జరిపి, సంతకం ఎక్కడ చేయాలో వేలితో చూపించాడు. ఆడపడుచు అప్పటికే మేస్త్రీకి ఫోను కలుపుతోంది. ట్రేసరమ్మ చదవడం మొదలుపెట్టింది. పాయ అనే మాట తొలగించారు. ఇంటికి అనుమతి ఇచ్చారు. కారణం దగ్గర మాత్రం ఇలా ఉంది: "అప్పటి ట్రేసరు అజాగ్రత్త వల్ల దొర్లిన లోపం."

ఆమె కాగితాన్ని వెనక్కి నెట్టింది.

"ఇది తీసుకోను."

"అనుమతి ఇచ్చారుగా మేడమ్. అది మామూలుగా రాసే మాటే."

"అజాగ్రత్త అంటే చూడకుండా రాశానని. నేను చూసే రాశాను. చూసి తప్పు రాశాను. పట్టీలో కాలువకు గుర్తు లేదు, ఆ సంగతి రాయలేదేం? ఆ షీటు అడుగున నాలుగు సంతకాలున్నాయి. ట్రేస్ చేసినవారు, సరిచూసినవారు, అంగీకరించినవారు, ఆమోదించినవారు. నా వంతు నేను రాసిచ్చాను. మిగతా ముగ్గురి వంతు కూడా నా నెత్తినే రుద్దితే ఎలా?"

ఆడపడుచు ఫోను పెట్టేసింది. "వదినా, నీకు ఇల్లు కావాలా, మాట కావాలా?"

"రెండూ."

"శ్లాబు మన నెత్తిన పడ్డాక ఆ మాట సమాధి మీద రాయిస్తావా?"

"అప్పుడు కూడా అజాగ్రత్త అని రాయనివ్వను" అంది ట్రేసరమ్మ. అక్కడికక్కడే కాగితం అడిగి, ఉత్తర్వు సవరించమని దరఖాస్తు రాసింది.

బస్సులో ఆడపడుచు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బస్సు దిగాక మాత్రం, "కొరకరాని కొయ్యవి" అంది. అందులో తిట్టెంతో మెచ్చుకోలెంతో తేల్చడం కష్టం.

ఆ వారంలోనే వంటగదిలో పళ్లెమంత పెచ్చు ఊడి పొయ్యి పక్కన పడింది. ఎవరికీ తగల్లేదు. వంట వరండాలోకి మారింది. మేడాయన ఎదురింటి నుంచి చూసి, "అనుమతి చేతికొస్తే వద్దన్నారట అక్కగారు" అని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పాడు. ట్రేసరమ్మ వారానికి రెండుసార్లు ఆఫీసుకు వెళ్లి, ఉపసంచాలకుడి గది ముందు బెంచీ మీద కూర్చునేది. ఎవరితోనూ గొడవపడేది కాదు. ఆయన లోపలికి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు లేచి నిలబడి నమస్కారం పెట్టేది. ఏడోసారికి ఆయనే ఆగాడు.

"ఏం రాయమంటారమ్మా?"

"జరిగింది రాయండి సార్."

ఆ తర్వాత రెండు వారాలకు మళ్లీ ఫోను వచ్చింది. కౌంటరు దగ్గర వరుస పెద్దగా ఉంది. గుమస్తా ఉత్తర్వు అందించి, ఈసారి సంతకం చోటు చూపించలేదు. రెండు పేజీలు. మొదటి పేజీ మధ్యలో ఉంది: "గుర్తుల పట్టీలో పారుదల కాలువకు గుర్తు లేకపోవడం, ట్రేసింగులో జరిగిన పొరపాటు తదుపరి మూడు తనిఖీల్లోనూ బయటపడకపోవడం వల్ల." ఆమె అక్కడ వేలుపెట్టి ఆగింది, తర్వాత ఇంటి నంబరు చూసింది, స్థలం కొలతలు చూసింది, దిక్కులు చూసింది.

"ఎంతసేపమ్మా, సంతకం పెట్టి జరగొచ్చుగా" అన్నాడు వెనకున్న మనిషి.

"అలా పెట్టి జరగబట్టే బాబూ ఇంతదూరం వచ్చింది" అంది ట్రేసరమ్మ తలెత్తకుండా, రెండో పేజీ తిప్పింది.