బావకి తెచ్చిన బొండాలు

మొన్న మధురవాడలో మా అపార్ట్‌మెంటు లిఫ్టు దగ్గర, కింద ఫ్లాటాయనకి డయాలిసిస్ మొదలైందని విని పలకరించడానికి వచ్చిన చుట్టాల చేతుల్లో కొబ్బరి బొండాలు చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. వయసుకి తగని గొంతు పెట్టి, అవి లోపలికి పోవడానికి వీల్లేదని అడ్డం నిలబడ్డాను. ఈ ముసలమ్మకి ఏమైందన్నట్టు వాళ్లు మొహాలు చూసుకున్నారు. ఆ కోపం వాళ్ల మీద కాదని, ఎనభైల్లో మా ఇంట్లో పుట్టిందని వాళ్లకేం తెలుసు?

అప్పుడు మేమంతా పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉండేవాళ్లం. మా అక్క భర్త, అంటే మా బావ, పోర్టులో క్రేను నడిపేవాడు. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టకుండా పోయి, అన్నం చూస్తేనే వాంతి వచ్చే దాకా డాక్టరు మొహం చూడని మనిషి. రెండు కిడ్నీలూ పని మానేశాయని, మిషను రక్తాన్ని బయటికి తీసి మలినాలూ మిగులు నీరూ వడకట్టి తిరిగి ఒంట్లోకి పంపుతుందే తప్ప కిడ్నీలను బాగుచెయ్యదని, మలినాలు మళ్లీ పేరుకుంటాయి కాబట్టి మళ్లీ మళ్లీ రావాల్సిందేనని డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. నీళ్లు కొలిచి తాగాలన్నాడు. బొండాం నీళ్లు అసలు ముట్టొద్దని, అందులోని పొటాషియం బయటికి పోయే దారి లేక గుండెని ఆపేస్తుందని కూడా చెప్పాడు. మా వాళ్లందరూ తలలూపారు. తలలూపడంలో మా ఇంటివాళ్లని మించినవాళ్లు లేరు.

మొదటిసారి డయాలిసిస్ అయ్యాక బావకి వాపు దిగింది, ఆయాసం తగ్గింది, చేపల పులుసు కావాలని అడిగాడు. అదే మా కొంప ముంచింది. జబ్బు నయమైపోయిందని ఇల్లంతా తీర్మానించేసింది. రెండోసారి వెళ్లాల్సిన రోజు దగ్గర పడుతుంటే అక్క అత్తగారు, ఒక్కగానొక్క కొడుకుని ఒంటిచేత్తో పెంచిన మనిషి, "రగతం సుబ్బరంగా కడిగీసినారు కదేటి, మళ్లీ ఎందుకా సూదులు?" అంది. సూదులంటే హడలిపోయే బావకి ఆ మాట అమృతంలా వినిపించి, వచ్చే వారం చూద్దామన్నాడు. అక్క ఏడ్చింది, నేను పోట్లాడాను, ఎవరూ కదల్లేదు.

ఇక పలకరింపులకొచ్చేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. రోగి దగ్గరికి వట్టి చేతులతో వెళ్లడం మా వైపు నామోషీ, చలవ చేస్తుందని ప్రతివాళ్లూ బొండాలే తెచ్చేవాళ్లు. అక్క వాటిని పెరటి దారిన పక్కింటివాళ్లకి పంచిపెట్టేది, నేను గుమ్మంలో వాదించేదాన్ని, దాహంతో ఉన్నవాడి నోటి ముందు నీళ్లు లాక్కునే రాక్షసినని పేరు తెచ్చుకున్నాను. బావ దాహం చూడలేకపోయేవాళ్లం, అదీ నిజమే. పెదాలు తడుపుకుంటూ గ్లాసు వైపు చూస్తుంటే నేనూ మొహం తిప్పుకునేదాన్ని.

ఓ మధ్యాహ్నం నేను ఆఫీసులో, అక్క రేషను క్యూలో ఉన్నప్పుడు అత్తగారు కొడుకు దాహం చూడలేక బొండాం కొట్టించి తన చేత్తో పట్టింది. అడిగితే ఇంకోటి కూడా. మేం వచ్చేసరికి బావ లేడు. మంచం పక్కనున్న బొండాం డొక్కలు చూసి అక్క వాటిని కాలితో మంచం కిందికి నెట్టేసింది.

అత్తగారు బతికినన్నాళ్లూ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది: "ఎల్లిపోయే ముందర నా సేత్తోనే బొండాం నీళ్లు పట్టినాను. సల్లగా ఎల్లిపోనాడు నా కొడుకు." పక్కనే బియ్యం ఏరుకుంటూ అక్క "అవునత్తా" అనేది. నాకు అరవాలనిపించి వీధిలోకి వెళ్లిపోయేదాన్ని.

ఇప్పుడు ఊరి చివరి గోపాలపట్నం దాకా డయాలిసిస్ మిషన్లు వచ్చాయి. సూది గుచ్చించుకుని ఫోను చూసుకుంటూ పడుకుని, లేచి ఉద్యోగాలకి పోయేవాళ్లున్నారు, బావ వయసువాళ్లు ఏళ్ల తరబడి బతుకుతున్నారు. నేనూ లిఫ్టు దగ్గర నిలబడి ఊరందరికీ పొటాషియం గురించి పాఠం చెప్పగలుగుతున్నాను. అక్క పోయి చాన్నాళ్లయింది. "అవునత్తా" అని ఆ రెండు ముక్కలు అనగలిగే ఓర్పు మాత్రం నాకు ఈ జన్మకి రాలేదు.