రూతమ్మ పెద్దమ్మ, మా పిల్ల ఉంగరాల జుట్టు

ఈ ఉదయం మౌనిక గదిలోంచి కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. ఉద్యోగానికి వెళ్లే ముందు నా కూతురు రోజూ వేడి యంత్రంతో తన ఉంగరాల జుట్టును సాపు చేసుకుంటుంది. ఆ వాసన తగిలినప్పుడల్లా గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్‌లో ఉన్న రూతమ్మ పెద్దమ్మ ముందు తలెత్తుకోలేని దాన్నవుతాను. ఆమె నేర్పింది నేను నిలబెట్టుకోలేదు.

తెలంగాణ రాష్ట్రం రావడానికి ఏడెనిమిదేళ్ల ముందు మాట. నా భర్త బొగ్గు గనిలో, మా వాడ మాటలో బాయిలో, పనిచేసేవాడు. నా చదువు పదో తరగతితో ఆగినా, మధ్యాహ్నాలు గ్రంథాలయంలో కూర్చుని వారపత్రికల్లోని చిట్కాలన్నీ నోటుబుక్కులోకి ఎక్కించుకునేదాన్ని. వాడలో ఎవరికే సందేహం వచ్చినా నన్నే అడగాలని నా గర్వం. అయిదేళ్ల మౌనిక జుట్టుకు మాత్రం ఏ పత్రికలోనూ దారి దొరకలేదు. లక్ష్మీనగర్ దుకాణాల్లో ప్రతి షాంపూ సీసా మీదా నున్నగా జారే జుట్టు బొమ్మే. "గీ ఎంటికలకు ఏం రాదక్కా. సాపు చేసే క్రీమున్నది గని, అది పెద్దోళ్లకు" అన్నాడు దుకాణదారు.

ఉంగరాల జుట్టులో దుమ్ము త్వరగా చేరుతుందని ఒకచోట చదివాను. మా ఊళ్లో దుమ్మంటే బొగ్గే. షిఫ్టు దిగి వచ్చిన నా భర్త ఒంటి నలుపును వదిలించేది బట్టల సబ్బొక్కటే. అదే సబ్బుతో నెల రోజులు పిల్ల తల రుద్దాను. జుట్టు కొబ్బరిపీచయింది. దువ్వెన పెడితే ఏడుపు వాడంతా వినిపించేది.

ఆ ఏడుపు విని వచ్చింది రూతమ్మ పెద్దమ్మ. దవాఖానలో ఆయా. నా చేతిలో సబ్బు చూసి నడుం మీద చేయి పెట్టుకుంది.

"నీ మొగడంటె బాయిల దిగుతడు. పిల్ల గూడ దిగుతున్నదానె?"

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక మందారాకు నలిపి, ఆ జిగురు పిల్ల తలకు పట్టించింది. తడి ఆరకముందే, దువ్వెన ముట్టకుండా, కొసల నుంచి పైకి ఒక్కో చిక్కూ వేళ్లతో విడదీసింది. గంటన్నర పట్టింది. పిల్ల నిద్రపోయింది.

"ఇది ఏ పుస్తకంలో ఉంది పెద్దమ్మా?" అన్నాను.

"పుస్తకంల లేదు, నా నెత్తిల ఉన్నది" అంటూ కొప్పు విప్పింది. నెరిసిన ఉంగరాలు భుజాల మీద పడ్డాయి. రెండేళ్లుగా పక్కింట్లో ఉన్నా నేను చూడలేదు.

ఏడాదిపాటు ప్రతి ఆదివారం అలాగే గడిచింది. మౌనిక అద్దం ముందు తల ఊపుతూ ఉంగరాలు ఎగరేసుకునేది. తర్వాత పెద్దమ్మ రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి, శ్రీరాంపూర్‌లో కొడుకు దగ్గరకు వెళ్లిపోయింది. ఆమె చేసిన ప్రతి పనీ నాకు తెలుసు. గంటన్నర ఓపికే లేదు. నా భర్త పొద్దుటి డ్యూటీకి టిఫిన్ కట్టే తొందరలో పొడి జుట్టును పైనుంచి లాగేదాన్ని. మళ్లీ చిక్కులు ఉండలు కట్టాయి. బడిలో రెండు జడలు బిగించి రమ్మన్నారు. తోటి పిల్లలు పిచ్చుకగూడు అన్నారు. మౌనిక బడికి పోనని తలుపు పట్టుకుని కూర్చుంది.

మంగలి దగ్గరకు తీసుకెళ్లి గుండు చేయించాను. అద్దంలో చూసుకుని నా వైపు తిరిగింది.

"అమ్మా, ఇప్పుడు మంచిగున్ననా?"

"ఇప్పుడే మంచిగున్నవు" అన్నాను. ఎంత తేలికపడ్డానో నా గొంతులో తెలిసే ఉంటుంది.

నెల తర్వాత తడిగుడ్డలో మందారాకు చుట్టుకుని రూతమ్మ పెద్దమ్మ వచ్చింది. మౌనిక ఎదురెళ్లి, "అవ్వా, నేనిప్పుడు మంచిగున్ననట. అమ్మ అన్నది" అంది. పెద్దమ్మ ఆ గుండును అరచేత్తో చాలాసేపు నిమిరింది. వెళ్లేటప్పుడు గేటు దగ్గర నాతో మెల్లగా అంది: "ఓపిక లేక గొరిగిచ్చినవ్, సరే. ఎంటికలు మళ్ల వస్తయి బిడ్డా. గా మాట ఎందుకన్నవే?"

తర్వాత ఆమె రాలేదు. శ్రీరాంపూర్‌లో పోయిందని ఎప్పుడో ఎవరో చెప్పారు.

మౌనిక జుట్టు మళ్లీ ఉంగరాలుగానే పెరిగింది. నన్ను మాత్రం ముట్టుకోనివ్వలేదు. నీ జుట్టు ఎప్పుడూ బాగుండేదేనని ఇన్నేళ్లలో చాలాసార్లు అన్నాను. "నువ్వు అమ్మవు గద, అట్లనే అంటవు" అంటుంది, కోపం లేకుండా. ఆ రోజు నేను ఒక్కసారి అన్న మాటను మాత్రం నమ్మింది.