పన్నెండు మీటర్ల చిలకలు

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. తెనాలిలో నేను కొన్న పన్నెండు మీటర్ల గుడ్డ ఇంటికోసం కాదు. నాకోసం. అందులోనూ నాకు కావలసింది నాలుగు మీటర్లే.

అప్పట్లో రోజూ రేపల్లె నుంచి ప్యాసింజరు రైల్లో తెనాలి వెళ్ళి పీజీ చదువుతుండేదాన్ని. మా ముందుగదిలో బీరువాకూ కిటికీకీ మధ్య ఒక కుర్చీ పట్టేంత చోటుంది. దానికి అడ్డంగా ఒక కర్టెన్ కడితే లోపల కూర్చుని చదువుకోవచ్చు, డైరీ రాసుకోవచ్చు. లేకపోతే నేను పెన్ను తీయగానే అమ్మ, పరీక్షలయిపోయాక కూడా ఇంకా ఏం రాస్తున్నావని అడుగుతుంది. డైరీ అని చెబితే చూపించమంటుంది.

కొట్టులో ఆ గుడ్డ చూడగానే కాళ్ళు ఆగిపోయాయి. ఆవపిండి రంగు మీద గోధుమరంగు తీగలు, తీగకొక చిలక. నా చిన్నప్పటి కర్టెన్లలా ఉంది. కొట్టాయన ఇప్పుడు పాతదే ఫ్యాషనని చెప్పి, నేను నాలుగు అనే లోపే తాను మొత్తం విప్పేశాడు. మిగిలింది పన్నెండు మీటర్లేనట, ముక్క చేస్తే మిగతాది ఎవరూ కొనరట. అంత గుడ్డ విప్పించి వద్దంటే ఆయన ఏమనుకుంటాడో అన్న భయం నాది. ఆయన మళ్ళీ జన్మలో నన్ను గుర్తుపట్టడు. అయినా స్కాలర్‌షిప్ డబ్బులిచ్చి, ఆయన మనసు నొప్పించకుండా ఇంటికొచ్చాను.

అమ్మ సంచి విప్పి గుడ్డ కొస బయటికి లాగింది.

“ఇట్టాంటి కర్టెన్లే పోయిన నెల స్టీలు గిన్నెలామెకిచ్చి క్యారేజీ తీసుకున్నాను గదే. నువ్వేంటి, మళ్ళీ అయ్యే కొనుక్కొచ్చావు?”

నిజంగా అవే. ముప్పయ్యేళ్ళ అసలు పాతవి పోయి నాలుగు గిన్నెల క్యారేజీ వచ్చింది. నిన్న నేసిన పాతదాన్ని నేను డబ్బు పోసి తెచ్చాను. రోజూ ఆ క్యారేజీలోనే అన్నం పట్టుకెళ్ళి చదువుకుంటున్న మేధావిని.

ఎందుకు కొన్నావని అమ్మ అడిగింది. ‘నాకోసం’ అని ఒక్క మాట చాలు. నేను ‘ఇంటికి’ అన్నాను.

‘ఇంటికి’ అంటే ఇక ఇంటిదే. బాపట్లలో ఉన్న పెద్దమ్మకు ఫోన్ వెళ్ళింది. కుట్టుమిషను మాది, కుట్టే చెయ్యి ఆవిడది. సోమవారం దిగింది. మంగళవారం కొత్త గుడ్డకు కత్తెర పెట్టకూడదు కనుక ఆ రోజంతా అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇంట్లో వేటికి తొడుగుల్లేవో వెతికారు. ఆ ఒక్కరోజు విరామం లేకపోతే అన్ని వస్తువులు వాళ్ళ కంట పడేవి కావు.

బుధవారం టీవీకి కుచ్చులున్న గౌను వచ్చింది. తరవాత ఫ్రిజ్ నెత్తికి రెండు జేబులున్న ముసుగు, మిక్సీకి టోపీ, ఫోనుకు చొక్కా. గ్యాసు సిలిండరుకు పరికిణీ కుట్టారు, పాపం ఆడపిల్ల లాంటిది కదా, వచ్చేపోయేవాళ్ళ కంటపడకూడదు. పెద్దమ్మ టేపును నమ్మదు, జానలతో కొలుస్తుంది. కాలేజీకి సెలవులు కనుక నేను పక్కన నిలబడి గుండీలు అందిస్తూ మిగిలిన గుడ్డను కంటితో కొలిచేదాన్ని. తొమ్మిది మీటర్లు. ఏడు. శుక్రవారం పొద్దున దిండుగలేబులయ్యాక నాలుగు. ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒక చాటు దొరికింది. ఒక్క వస్తువే బయట మిగిలింది, దానికి నోరు కూడా ఉంది.

ఆ నాలుగు మీటర్లు మడిచి పెద్దమ్మ తన సంచిలో పెట్టుకుంది. వాళ్ళ దివాన్‌కాట్ మీదకు సరిగ్గా సరిపోతుందట. అమ్మ, తీసుకో అక్కా, మాకిక కప్పడానికేముంది అంది. నేను కాఫీ గ్లాసులు తీశాను.

బస్టాండుకు సంచి మోసింది కూడా నేనే. మోసినంతసేపూ మనసులో ఒక వాక్యం కూర్చుకున్నాను, మర్యాదగా, పెద్దమ్మకు కష్టం కలగకుండా. ఆవిడ బాపట్ల బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. సంచి అందించాను. డ్రైవరు ఎక్కి ఇంజను స్టార్టు చేశాడు. నేను కూర్చుకున్న వాక్యం ఎటో పోయింది.

“పెద్దమ్మా, ఆ గుడ్డ నాకు కావాలి.”

పెద్దమ్మే కాదు, పక్కసీటు ఆవిడ కూడా నావైపు తిరిగింది.

“దేనికే?”

“కర్టెన్‌కి. బీరువా పక్కన కట్టుకుంటా. లోపల కూర్చుని రాసుకోడానికి.”

“మూణ్ణాళ్ళు నా పక్కనే నిలబడ్డావు గదా, నోట్లో ముత్యాలున్నాయా, రాలిపోతాయనా?”

పెద్దమ్మ ఒళ్ళో సంచి విప్పింది. పైనున్న అరటికాయలు తీసి పక్కసీటు ఆవిడ చేతిలో పెట్టింది, అడక్కుండానే. అడుగునుంచి గుడ్డ లాగి కిటికీలోంచి నా చేతుల్లో పడేసింది. ఏం రాస్తానో అడుగుతుందని చూశాను. అడగలేదు. బస్సు కదిలింది. నేను కిటికీ పట్టుకుని నాలుగడుగులు నడిచాను.

“చెయ్యి తియ్యి. ఉతికితే పొట్టయిపోద్ది అది, కింద నాలుగు వేళ్ళ మడత వదిలి కుట్టుకో.”