కెమెరా కంటికి బొట్టు

ఆ ఆట చప్పుడు ఇప్పుడు తలుచుకున్నా నాకు చెవులు మూసుకోవాలనిపిస్తుంది. గోడ మీద పెద్ద టీవీ. దాని కింద బల్ల మీద నల్లటి కెమెరా పట్టీ. నేల మీద అంటించిన ఎర్ర టేపు మీద నిలబడి చెయ్యి పైకెత్తి విసిరితే టీవీలో ఒక బంతి వెళ్ళి, ఒకదాని మీద ఒకటి పేర్చిన రంగు దిమ్మెలను కూలుస్తుంది. మన చేతిలో ఏమీ ఉండదు, ఉత్త గాలి. పచ్చ దిమ్మెలన్నీ పడాలి, బూడిద రంగువి మాత్రం కదలకూడదు. ఎక్కడ కొడితే ఏది పడుతుందో ఆలోచించుకుని కొట్టాలి, అదీ అందులోని చిక్కు. గెలిస్తే తెర నిండా రంగు కాగితాలు రాలతాయి, ఒక ఆడగొంతు "సూపర్బ్!" అని కూస్తుంది. మనవలు ఉన్నవాళ్ళు కూడా ఆ కూత కోసం గాలిలోకి చేతులు విసురుతుంటే చూడాలి. ఛీ, ఏం బతుకురా అనిపించేది.

అదేమైనా ఆటల దుకాణమా అంటే కాదు. తార్నాకలో ఒక సందులో, టిఫిన్ సెంటర్ పై అంతస్తులో ఉన్న ఫిజియోథెరపీ క్లినిక్. మెట్లెక్కుతుంటే కింది పెనం మీది నూనె వాసన, తలుపు తీస్తే నొప్పుల మందు వాసన. ఏసీ ఉందని కిటికీలు తెరవరు. వచ్చినవాళ్ళందరి చెమటా అక్కడి ఒకే తువాలు మీద ఉండేది. ఆ తువాలును నేను ఒక్కసారి ముట్టుకున్నాను, హాస్టల్‌కు వచ్చి రెండుసార్లు చేతులు కడుక్కున్నాను.

ఇంత అసహ్యం పెట్టుకుని ఎందుకు వెళ్ళావంటే, మా గదిలో అమ్మాయి కోసం. క్యాంపస్ హాస్టల్లో ఇద్దరం ఒకే గది. నేను పీహెచ్‌డీ, తను ఎస్సై ఉద్యోగానికి చదువుతోంది. వాళ్ళది పత్తి వేసే ఇల్లు. తను నాకంటే చిన్నది, "అక్కా అక్కా" అంటూ నా టీ గ్లాసులోంచే తాగే రకం. పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండ్‌కు వెళితే సగం క్యాంపస్ పోలీసు ఉద్యోగాల కోసం పరుగులు తీస్తూ ఉంటుంది. అక్కడే లాంగ్ జంప్ చేస్తూ చెయ్యి ఒంటి కింద నలిగేలా పడింది. కుడి భుజం జారింది.

అప్పటికే మొదటి రాతపరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది ఈవెంట్స్: పరుగు, జంప్, షాట్‌పుట్. ఎముకల డాక్టరు భుజాన్ని సరిచేసి, పట్టీ కట్టి, ఒకే మాట చెప్పాడు. భుజం కుదురుకోకముందే బరువు విసిరితే మళ్ళీ జారుతుంది, మళ్ళీ జారిందంటే ఆపరేషనే. ఆపరేషన్ అయితే ఇక పోలీసు ఉద్యోగం మాట మర్చిపోవాల్సిందేనని మా పిల్లకు రాత్రింబవళ్ళూ అదే భయం. అందుకే తార్నాక క్లినిక్. షేర్ ఆటోలో ఎవరి మోచెయ్యి తగిలినా విలవిల్లాడేది కాబట్టి, పక్కన అడ్డుగా కూర్చోవడానికి నేను.

క్లినిక్ నడిపే సార్‌కు ఆ ఆట అంటే మహా గర్వం. మొదటి రోజే మాకు పాఠం చెప్పాడు.

"చెయ్యి చెవి దాటాలె తల్లీ. దాటకపోతే బంతి పోదు. గట్లనే సెట్ చేసిన. మన దగ్గర మోసం నడవది."

ఆ ఒక్క విషయంలో ఆయన అబద్ధం చెప్పలేదని ఒప్పుకోవాలి. మా పిల్ల చెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయేది. తెర మీద బంతి టప్పున కాళ్ళ దగ్గర పడేది. మళ్ళీ లేపేది, మళ్ళీ టప్పు. ముఖమంతా చెమట. మూలుగు బయటికి రాకుండా పెదవి కొరుక్కునేది. కొన్ని వారాలకు ఒకరోజు, ఒకే ఒక్కసారి, చెయ్యి చెవి దాటింది, ఒక పచ్చ దిమ్మె అంచు మీదికి జరిగి కిందపడింది.

"అక్కా, ఒక్క బ్లాక్ పడ్డది! సూసినవా?" అని నన్ను ఎడమ చేత్తో పట్టుకుని ఊపేసింది. ఆరోజు నాకు కూడా ఆ దరిద్రపు ఆట మీద కాస్త గౌరవం కలిగింది. ఆ గదిలో ఎవరి మొహం చూసీ మాట మార్చనిది అదొక్కటే.

ఆ మర్నాటి నుంచి చెయ్యి మళ్ళీ భుజం దగ్గరే ఆగిపోయేది. అంతలో దసరా వచ్చింది.

ఆయుధ పూజ అంటే క్లినిక్‌లో ఉన్న సామానంతా ఆయుధాలే. మేము పండుగ మర్నాడు వెళ్ళేసరికి మెట్ల మీద పగలగొట్టిన గుమ్మడికాయ ముక్కలు, వాటి మీద కుంకుమ, ఈగలు. ఎక్కేవాళ్ళు తొక్కి తొక్కి మెట్లన్నీ జిగటగా తయారయ్యాయి. లోపల ట్రెడ్‌మిల్ కింద నలిగిన నిమ్మకాయ. కరెంటు షాకిచ్చే పెట్టెకు బొట్టు, డంబెల్స్‌కు బొట్టు, చివరికి గోడకున్న ఏసీకి కూడా బొట్టు. పూజలో నాకు వింత ఏమీ లేదు. మాది చర్చికి వెళ్ళే ఇల్లే అయినా మా వాడలో దసరాకు ట్రాక్టర్లకు బొట్లు పెడుతుంటే చూస్తూ పెరిగాను. ట్రాక్టర్‌కు బొట్టు పెడితే ట్రాక్టర్ నడుస్తుంది. వీళ్ళు కెమెరాకు పెట్టారు. అదీ ఎక్కడ? సరిగ్గా నడిమి అద్దం మీద, పసుపు తడిపి రాసి, దాని మీద ఇంత కుంకుమ అద్దారు.

ఆరోజు మా పిల్ల టేపు మీద నిలబడి చెయ్యి లేపింది. భుజం దాకా లేపగానే దిమ్మెల గోపురంలో పచ్చవన్నీ కుప్పకూలాయి. రంగు కాగితాలు, "సూపర్బ్!". ఇంకో గోపురం వచ్చింది, అదీ కూలింది. ఏ దిమ్మె ముందు కొట్టాలని ఆలోచించే పనే లేదు, పచ్చవి వాటంతటవే పడిపోతున్నాయి, బూడిదవి కదలడం లేదు. క్లినిక్ అంతా చప్పట్లు. సార్ ఫోన్ తీసి రీల్ మొదలుపెట్టాడు.

"సూడుండ్రి, పండుగకు పూజ చేసినం, తెల్లారి రిజల్ట్! అమ్మవారి దయ, మన ట్రీట్‌మెంట్!"

మా పిల్ల రెండు చేతులూ జోడించి ఏడ్చింది. ఆ ఏడుపును కూడా ఆయన దగ్గరికొచ్చి మరీ తీశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

రెండు మూడు రోజులు నేనూ నమ్మాలనే చూశాను. తర్వాత ఒక మధ్యాహ్నం తను ఎడమ చేత్తో నుదుటి చెమట తుడుచుకుంటోంది, కుడి చెయ్యి కిందికి వేలాడుతోంది, తెర మీద గోపురం కూలిపోయింది. అప్పుడు తెర వైపూ కెమెరా వైపూ మార్చి మార్చి చూశాను. ఆడేవాళ్ళ చేతికి బదులు తెర మీద కనిపించే నారింజ రంగు చెయ్యి ఉన్నచోట ఉండకుండా ఇటు నుంచి అటు గెంతుతోంది. ఆ గెంతే పెద్ద విసురుగా లెక్కకు వస్తోంది. బొట్టు వెనక నుంచి ఆ కన్నుకు మనిషే సరిగా కనబడటం లేదు.

సార్‌తో చెప్పాను. ఆయన నవ్వాడు.

"నెగెటివ్ మాట్లాడకు తల్లీ. పేషెంట్ కాన్ఫిడెన్స్ దెబ్బతింటది."

"కాన్ఫిడెన్స్ కాదు సార్, అద్దం మీద కుంకుమ ఉంది. తుడిచి చూడండి."

సార్ కంటే ముందు రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి అందుకుంది. "అయ్యో, బొట్టు తుడుస్తరా అక్కా ఎవరన్న? పండుగ పూట పెట్టింది. దానంతటదే రాలిపోవాలె." తర్వాత నా నుదురు వైపు చూసి గొంతు తగ్గించింది. "మీరు పెట్టుకోరు గదా, మీకు తెల్వదు లే."

తల కొట్టేసినట్టయింది. తెలియకపోవడమేమిటి నా మొహం! ఆడదాని బొట్టు తుడవడమంటే ఏమిటో, ఆ మాటకు ఇళ్ళల్లో ఎంత భయపడతారో నాకు తెలియదా? తెలుసు కాబట్టే నా చేత్తో తుడవలేదు. బొట్టులేని నుదురుతో నేను వెళ్ళి దాన్ని తుడిస్తే మాట భుజం మీది నుంచి నా మతం మీదికి పోతుంది. ఒక గాజుముక్క తుడవడానికి నేను ఇంత ఆలోచించాల్సి వచ్చిందే, ఆ రోత నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ సాయంత్రం మా పిల్ల సీనియర్ల దగ్గర షాట్‌పుట్ గుండు అడిగి తెచ్చింది.

"రేపు పొద్దున గ్రౌండ్‌ల వేసి సూస్తనక్కా. ఈవెంట్స్ దగ్గర పడ్డయి."

"ఏందే వేసేది? నీ చెయ్యి భుజం దాటుతలేదు. జడ సుత నేనే వేస్తున్న నీకు!"

"గాడ అన్నీ పడుతున్నయి గదా."

"నువ్వు ముక్కు గీక్కున్నా పడుతున్నయే అవి. కెమెరాకు కండ్లు కనవడ్తలేవు."

మా పిల్ల మొహం ఎర్రబడింది. "నాకు మంచిగయితుంటే నీకేమయితదక్కా? అందరు సప్పట్లు కొడుతుంటే నీ మొఖం ఒక్కటే మాడుతది. సార్‌కు తెల్వదా, నీకు తెలుసా?" అని గోడ వైపు తిరిగి పడుకుంది. ఇంతకాలం ఆటోలో పక్కన కూర్చున్నందుకు నాకు దక్కింది అది.

కోపం వచ్చింది, కానీ కోపం కంటే భయం ఎక్కువ. పొద్దున్నే తను ఆ గుండు ఎత్తితే అయిపోయింది. తెల్లవారగానే బతిమాలాను. గ్రౌండ్‌కు తర్వాత పోదువుగాని, ముందు క్లినిక్ తలుపు తీసే వేళకు ఒక్కసారి నాతో రా, అక్కడ నేను చూపించేది చూసి కూడా వేస్తానంటే నేనే నీ గుండు మోసుకొస్తానని చెప్పాను. మూతి ముడుచుకునే వచ్చింది.

లోపల మోకాళ్ళ నొప్పుల ఆంటీలు, మెడకు పట్టీ వేసుకున్న ఒక బ్యాంకు ఉద్యోగి, సార్, రిసెప్షన్ అమ్మాయి ఉన్నారు. నేను చెప్పులు విడిచి ఎర్ర టేపు మీద నిలబడ్డాను. చున్నీ తీసి రిసెప్షన్ అమ్మాయికి ఇచ్చాను.

"నా రెండు చేతులు ఎనక్కు పెట్టి కట్టు. గట్టిగ కట్టు."

"ఏంది మేడం ఈ తమాషా?" అన్నాడు సార్.

"ఆట పెట్టండి సార్. నేను కూడా పేషెంటునే."

ఆ అమ్మాయి నవ్వుతూనే కట్టింది. ఆట మొదలైంది. నేను ఊరికే నిలబడ్డాను. తెర మీద నారింజ చెయ్యి అటూ ఇటూ గెంతింది, బంతి దూసుకుపోయింది, గోపురం కూలింది. "సూపర్బ్!" అంది ఆడగొంతు. రిసెప్షన్ అమ్మాయి అలవాటుగా చప్పట్లు కొట్టి, మధ్యలో ఆపేసింది. రెండో గోపురం కూడా కూలింది. "ఒక్కోసారి గట్లయితది," అన్నాడు సార్, టీవీ వైపు కాకుండా ఏసీ వైపు చూస్తూ.

మా పిల్ల తెరనూ, కట్టేసిన నా చేతులనూ చూసింది. తర్వాత నీళ్ళ సీసా తీసి తన చున్నీ కొస తడిపి, కెమెరా దగ్గరికి వెళ్ళింది. "అయ్యో అక్కా!" అని రిసెప్షన్ అమ్మాయి అరిచింది. మా పిల్ల ముందు ఆ కుంకుమను వేలితో తీసి తన నుదుటికి పెట్టుకుంది.

"ఏడ పోలేదు తియ్, నా మొఖం మీదనే ఉన్నది," అని, తడి కొసతో అద్దం శుభ్రంగా తుడిచింది. రిసెప్షన్ అమ్మాయి వచ్చి నా చేతులు విప్పింది. నేను పక్కకు జరిగాను.

తను టేపు మీద నిలబడి కుడి చెయ్యి లేపింది. తెర మీద నారింజ చెయ్యి తనతోపాటే మెల్లగా లేచింది. భుజం దాకా వచ్చి వణికి ఆగిపోయింది. బంతి టప్పున కాళ్ళ దగ్గర పడింది. మళ్ళీ లేపింది. మళ్ళీ టప్పు. గోపురంలో ఒక్క దిమ్మె కూడా కదల్లేదు.

సార్ అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "హలో, ఆ, గేమ్ కెమెరా ఖరాబయిందన్నా. పండుగ సంది మస్తు పనిచేసింది, గిప్పుడే ఎవరో తడిబట్ట పెట్టి తుడిచిన్రు, పోయింది. జల్ది మనిషిని తోలు." అంత నిదానంగా, అంత నమ్మకంగా చెబుతున్నాడు.

మా పిల్ల వెనక్కి తిరగలేదు. చెయ్యి ఇంకా భుజం దగ్గరే ఆగి ఉంది, కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి.

"ఫోన్ పెట్టెయ్యండ్రి సార్," అంది. "మిషన్ మంచిగనే ఉన్నది. నా చెయ్యే లేస్తలేదు. గీసారి ఈవెంట్స్‌కు నేను పోతలేను."

ఆయన ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి, టిఫిన్ సెంటర్ పక్క మెట్లు ఎక్కి రావాలని అవతలి మనిషికి దారి చెప్పాడు.